గాలి సరే

మా ఆపరేషన్ థియేటర్లో నన్ను గాలక్క అంటారు. వెక్కిరించడానికే పెట్టారు ఆ పేరు, కానీ నాకేం బాధ లేదు. నా పనే గాలితో. చేతికో కాలికో ఆపరేషన్ చేసేటప్పుడు కోసినచోట నెత్తురు ఊరకుండా పైన ఒక పట్టీ చుట్టి, దానిలోకి గాలి ఎక్కించి బిగించాలి. ఆ పట్టీని మేం కఫ్ అంటాం. గాలి ఎక్కించేది టూర్నికెట్ మిషను. అది చక్రాల స్టాండు మీద నిలబడుతుంది, నేను దాని పక్కన స్టూలు మీద కూర్చుంటాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే మా ఇద్దరి కాపురం. మా అన్నయ్య మొహం కన్నా ఆ మిషను మొహమే నువ్వు ఎక్కువ చూసుంటావు వదినా అని మా ఆడపడుచు ఆటపట్టిస్తుంది.

ఆడపడుచు గురించి ముందే చెప్పాలి. ఈ కథంతా ఆవిడ ప్రాణం గురించే. మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. మా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఉంటుంది, బట్టలు కుడుతుంది. వస పోసిన పిట్ట. పెదాల మధ్య మూడు గుండుసూదులు పెట్టుకుని కూడా గలగలా మాట్లాడుతుంది, ఒక్క సూదీ కింద పడదు. నాకేమో ముక్కు మీద కోపం. రోజంతా మిషను కూతలు విని ఇంటికి పోతే అక్కడ ఈవిడ కూతలు. ఇన్నేళ్ళలో నేను ఆవిడతో ఎక్కువసార్లు అన్న మాట ఏదంటే, "అబ్బ, కాసేపు నోరు మూసుకోవే" అన్నదే. ఆవిడ ఎప్పుడూ మూసుకున్న పాపాన పోలేదు.

ఆవిడ కుడి మణికట్టు మీద గోలీకాయంత గడ్డ లేచింది. కత్తెర పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంది. మా చేతుల డాక్టరుగారికి చూపిస్తే చిన్నదే, ఇరవై నిమిషాల పని, తీసేద్దాం అన్నారు. మనిషిని నిద్రపుచ్చక్కర్లేదు. చెయ్యి పైకెత్తి, రబ్బరు పట్టీతో నెత్తురంతా పైకి తోసేసి, కఫ్ బిగించి, ఖాళీ అయిన నరాల్లోకి తిమ్మిరి మందు ఎక్కిస్తారు. చెయ్యి మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది.

ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు. కఫ్ ఇక్కడ నెత్తురుని బయట ఆపడమే కాదు, మందుని లోపల ఆపాలి. మందు ఎక్కిన మొదటి ఇరవై నిమిషాల్లో కఫ్ వదులైందంటే చేతినిండా ఉన్న మందు ఒక్కసారిగా గుండెకీ తలకీ పోతుంది. ఫిట్స్ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. అందుకే దీనికి రెండు గదులున్న కఫ్ కడతాం, పైగదికి ఎర్ర ట్యూబు, కిందిగదికి నీలం ట్యూబు. ముందు పైది బిగిస్తాం. కిందిది అక్కరకి ఉంటుంది.

సొంతవాళ్ళ కేసులో నిలబడొద్దని మా దగ్గర అందరూ అనుకునే మాటే. ఆ రోజు డ్యూటీ వేరే టెక్నీషియన్‌ది. కానీ ఈవిడ, "మా వదిన ఉంటేనే చెయ్యిస్తాను, లేకపోతే గడ్డతోనే కుట్టుకుంటాను" అని పట్టుబట్టింది. నాకూ లోపల కాస్త గర్వంగా అనిపించి, డ్యూటీ మార్పించుకున్నాను.

మా థియేటర్లో ఇంకొక అలవాటుంది, అది చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మిషను కూతపెట్టగానే దాని దగ్గరున్నవాళ్ళు లేచి, కఫ్‌నీ, ట్యూబునీ, ఆ రెండూ కలిసే అతుకునీ చేత్తో తడిమి చూడాలి. చూసి, అంతా బాగుంటే "గాలి సరే" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట వినగానే డాక్టర్లు తలెత్తకుండా తమ పని చేసుకుంటారు. ఈ అలవాటు పెట్టింది నేనే. కొత్తగా వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని, "స్క్రీను మీద అంకె చూసి మోసపోకండి, అది మిషను దగ్గర గాలిని చూపిస్తుంది, మనిషి చేతి దగ్గర గాలిని కాదు" అని నేర్పిందీ నేనే.

నీతులున్నవి ఎదుటివాళ్ళకి చెప్పడానికే. మా కఫ్‌లు పాతబడ్డాయి. అతుకుల దగ్గర కాస్త కాస్త గాలి పోతూనే ఉంటుంది, పోయినంతా మిషను మళ్ళీ నింపుకుంటూనే ఉంటుంది, ఉండుండి కూతపెడుతూనే ఉంటుంది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? పోనుపోను నేను స్టూలు మీంచి లేవడం మానేశాను. బొటనవేలు గంట గుర్తున్న బటన్ మీదికి పోతుంది, నోరు "గాలి సరే" అంటుంది. బటన్ ఒకసారి నొక్కితే మిషను ఒక నిమిషం నోరు మూసుకుంటుంది.

ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి ఆవిడని బల్ల మీద పడుకోబెట్టాం. తల దగ్గర మత్తు డాక్టరమ్మ. చెయ్యి చాపిన చిన్న బల్ల దగ్గర ఒకవైపు చేతుల డాక్టరుగారు, ఎదురుగా పనిముట్ల ట్రే పట్టుకుని సిస్టరు. డాక్టరుగారి ఎడమ భుజం పక్కన నా మిషను, నేను. కఫ్ నేనే కట్టాను. గాలి రెండువందల యాభైకి ఎక్కించాను. డాక్టరమ్మ మందు ఎక్కించింది. నేను మిషను గడియారం మొదలుపెట్టాను. చేతి మీదా భుజం మీదా పచ్చ గుడ్డలు కప్పేశారు, కఫ్ కూడా వాటికిందే ఉండిపోయింది.

"వదినా, చెయ్యి నాదిలా లేదు. ఎవరిదో తెచ్చి పక్కన పెట్టినట్టుంది" అంది ఆడపడుచు.

"మంచిది. కదపకు."

"కదుపుదామన్నా కదల్లేదుగా! డాక్టరుగారూ, కుట్లు చిన్నగా వెయ్యండి. నేను రోజూ కుట్టేదాన్ని, పెద్దపెద్ద కుట్లు చూస్తే నాకు నిద్రపట్టదు."

సిస్టరు మాస్కులో నవ్వింది. డాక్టరుగారు నవ్వలేదు. ఆయన మంచి చెయ్యి ఉన్నవాడే కానీ, కత్తి పట్టుకుంటే చీమ చిటుక్కుమన్నా చిరాకు. ఆయన ఆరో నిమిషంలో కోత పెట్టారు.

ఎనిమిదో నిమిషంలో మిషను కూసింది. గాలి పోతోందని పసుపు దీపం వెలిగింది. స్క్రీను చూశాను. రెండువందల యాభై. బొటనవేలు పోయింది, బటన్ నొక్కింది.

"గాలి సరే" అన్నాను.

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంటోంది, తలెత్తలేదు. తలెత్తకపోవడానికే కదా ఆ మాట.

"ఆ కూత ఏంటి వదినా?"

"ఏం లేదు. నీలాగే దానికీ ఊరికే మాట్లాడే జబ్బు."

తొమ్మిదో నిమిషంలో మళ్ళీ కూసింది. "ఆ పాట ఆపండమ్మా" అన్నారు డాక్టరుగారు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ గాలి సరే అన్నాను. నిజం చెప్పాలంటే, అప్పుడు లేవాలని ఒక క్షణం అనిపించింది. లేస్తే డాక్టరుగారి మోచేతికి తగలకుండా చుట్టూ తిరిగి పోవాలి, గుడ్డలు ఎత్తాలి, ఆయన విసుక్కుంటారు. సొంత మనిషి కాబట్టి కంగారుపడుతోంది అనుకుంటారు. ఆ మాట పడటం ఇష్టంలేక కూర్చున్నాను.

"వదినా, నోరంతా ఏదోలా ఉంది. చెంచా నాకినట్టు..."

"అబ్బ, కాసేపు నోరు మూసుకోవే. డాక్టరుగారు కోస్తున్నారు."

నోరు మూసుకుంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి చెప్పగానే మూసుకుంది. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అలాగే అనుకున్నాను. థియేటర్లో కత్తెర చప్పుడు, గుండె లెక్కపెట్టే మానిటర్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. డాక్టరుగారి భుజాలు కూడా కాస్త దిగాయి.

మిషను మళ్ళీ కూసేసరికి పదకొండో నిమిషం నడుస్తోంది. బొటనవేలు బటన్ దాకా పోయి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో అప్పుడు తెలియలేదు. "మళ్ళీ మొదలెట్టింది నీ మిషను" అనో, ఇంకేదో అనో ఆ బల్ల మీంచి ఒక మాట రావాలి. రాలేదు. నేను కూర్చున్నచోటు నుంచి ఆవిడ మొహం కనపడదు. లేచాను.

కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పై పెదవి ఒక మూల సన్నగా అదురుతోంది.

డాక్టరుగారి వెనకనుంచి దూరి, గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, కఫ్ పట్టుకున్నాను. రాయిలా ఉండాల్సింది మెత్తగా నొక్కుకుపోయింది. వేళ్ళు ఎర్ర ట్యూబు వెంట అతుకు దాకా పోయేసరికి చల్లటి గాలి కొట్టింది. పైనుంచి గుడ్డల బరువుపడి ట్యూబు పక్కకి లాగుకుపోయి, అతుకు సగం ఊడి వేలాడుతోంది. నా వేళ్ళు తగలగానే ఆ మిగతా సగం కూడా జారబోయింది. గబుక్కున గుప్పిట్లో పట్టుకుని లోపలికి నొక్కాను.

"డాక్టరమ్మా! గాలి పోతోంది. గాలి సరే కాదు!"

ఆ మాట మా థియేటర్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. డాక్టరమ్మ కాగితాలు వదిలేసి ఒక్క గెంతులో తల దగ్గరుంది. "అమ్మా, వినపడుతోందా? పేరు చెప్పండి" అంది. ఆవిడ నాలుక మడతపడింది. ఏదో అంది, అది పేరు కాదు. డాక్టరమ్మ ఆవిడ మొహానికి ఆక్సిజన్ మాస్కు బిగించి, "టైమెంత?" అంది.

"పదకొండు దాటింది."

"గాలి వదలొద్దు. ఏం చేసినా సరే, వదలొద్దు."

కొత్తవాళ్ళయితే ఇక్కడే తప్పు చేస్తారు. అతుకు సరిగ్గా బిగిద్దామని ట్యూబు బయటికి లాగి మళ్ళీ పెడతారు. ఆ లాగిన రెండు క్షణాలు చాలు, కఫ్ మొత్తం ఖాళీ అయిపోతుంది. లాగకూడదు, పట్టుకుని ఉండాలి, కిందిగది నింపాలి. కిందిగది నింపే బటన్ మిషను మీద ఉంది. మిషను నాకు మూడడుగుల అవతల ఉంది. ముందు ఆ బటన్ నొక్కి లేవాల్సిందని అప్పుడు తట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

కాలు చాపి స్టాండు లాగుదామని చూశాను. కదల్లేదు. చక్రాలకి బ్రేకు వేసింది కూడా నేనే. దారం తెమ్మని పంపిన ఆయమ్మ ఇంకా రాలేదు. డాక్టరమ్మ ఒక చేత్తో ఆవిడ దవడ ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో ఫిట్స్ రాకుండా సూది మందు ఎక్కిస్తోంది. స్క్రీను నాకు ఓరగా కనిపిస్తోంది. రెండువందల పది. నూట ఎనభై. ఆవిడ రక్తపోటు నూట ముప్పై ఉంది. గాలి అంతకన్నా కిందికి దిగితే ఇక అడ్డే లేదు.

"సార్, బటన్ మీరు నొక్కండి" అన్నాను.

చేతుల డాక్టరుగారు నావైపు చూశారు. శుభ్రం చేసిన చేతులు, తొడుగులతో ఆయన ఆపరేషన్ మధ్యలో ఏదీ ముట్టుకోరు. ముక్కు దురద పెట్టినా ముట్టుకోని మనిషి. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కత్తెర ట్రేలో పడేసి మిషనుకేసి తిరిగారు.

"ఏది?"

పదిహేనేళ్ళుగా దాని పక్కనే నిలబడుతున్నారు, ఏ బటన్ ఏదో తెలీదు. నాకు కోపం, ఏడుపు కలిసి వచ్చాయి.

"నీలం సార్! నీలం! నొక్కి పట్టుకోండి, వదలకండి!"

ఆయన ఆ బటన్ నొక్కి పట్టుకున్నారు. మిషను గుర్రుమంది. స్క్రీనులో రెండో అంకె మొదలైంది. నలభై. తొంభై. మొదటి అంకె నూట యాభై. నా గుప్పిట్లోంచి గాలి బుసకొడుతూనే ఉంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. నూట అరవై అంది రెండోది, నూట నలభై అంది మొదటిది. బల్ల మీద ఆవిడ ఎడమ చెయ్యి రెండుసార్లు ఎగిరిపడింది. సిస్టరు దాన్ని తన నడుముకేసి అదిమి పట్టుకుంది. రెండువందలు. రెండువందల ముప్పై. నా ఎడమచేత్తో కిందిగదిని తడిమాను.

రాయిలా ఉంది.

అయినా "గాలి సరే" అనలేకపోయాను. "కిందిది నిలబడింది సార్, చేత్తో చూశాను" అన్నాను.

మానిటర్లో గుండె చప్పుడు మందగించింది. ఒక్కో చప్పుడికీ మధ్య దూరం పెరుగుతుంటే డాక్టరమ్మ మరో సూది ఎక్కించి, "ఆ తెల్ల మందు సీసా తెప్పించండి, పక్కనుంచండి" అంది. తిమ్మిరి మందు ఎక్కువై గుండె ఆగిపోయే స్థితిలో ఆ తెల్ల మందు ఎక్కిస్తారు. ఇన్నేళ్ళలో ఆ సీసా మూత తియ్యడం నేను చూడలేదు. ఆయమ్మ పరుగెత్తుకుంటూ తెచ్చింది. అందరం మానిటర్‌నే చూస్తూ నిలబడ్డాం. నేను మాత్రం ఆవిడ పెదాలనే చూశాను. ఒక్క మాట మాట్లాడవే, ఏదో ఒకటి వాగవే, నన్ను తిట్టవే అని లోపల మొక్కుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆయనకి ఏం చెప్పాలి? నీ చెల్లెలు నన్ను నమ్మి బల్ల ఎక్కింది, నేను స్టూలు మీంచి లేవలేదు అని చెప్పాలా?

మెల్లగా చప్పుళ్ళు దగ్గరపడ్డాయి. పెదవి అదరడం ఆగింది. డాక్టరమ్మ ఆ సీసా మూతమీంచి చెయ్యి తీసింది.

డాక్టరుగారు తొడుగులు, గౌను మార్చుకుని వచ్చి మిగతా పని పూర్తిచేశారు. కుట్లు చిన్నగానే వేశారు. ముప్పై అయిదో నిమిషం దాటాక డాక్టరమ్మ చెబితే, చేతిలో మిగిలిన మందు కొంచెంకొంచెంగానే ఒంట్లోకి పోయేలా గాలి కాస్త వదిలాను, మళ్ళీ బిగించాను. మళ్ళీ వదిలి మళ్ళీ బిగించాను. ప్రతిసారీ ఆవిడ కళ్ళు చూసి, నాడి చూసి, అప్పుడు ముందుకెళ్ళాం. అంతసేపూ నా కుడిచెయ్యి ఆ కఫ్ మీదే ఉంది.

బయట చేతులు కడుక్కునే చోట డాక్టరుగారు నా పక్కకొచ్చి నిలబడ్డారు. "అతుకు పాతదమ్మా. కొత్త ట్యూబులు తెప్పిద్దాం. మిషను తప్పని రాసెయ్యండి" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"మిషను తప్పేం లేదు సార్. అది మూడుసార్లు చెప్పింది. రెండుసార్లు నేను చూడకుండానే గాలి సరే అన్నాను. అదే రాస్తాను" అన్నాను.

ఆయన కుళాయి కట్టేశారు. "ఆ పాట ఆపమన్నది నేను. అదీ రాయండి" అన్నారు.

రాశాను. రెండూ రాశాను.

కోలుకునే గదిలో ఆవిడకి మధ్యాహ్నం పన్నెండింటికి పూర్తిగా తెలివొచ్చింది. నేను మంచం పక్కన కూర్చుని ఉన్నాను. మొదట కట్టు చూసుకుంది, తర్వాత నన్ను చూసింది.

"అయిపోయిందా వదినా?"

"అయిపోయింది."

"మధ్యలో నాకేం గుర్తులేదు. నిద్రపోయినట్టున్నా."

"దానికి ముందు ఏం గుర్తుంది?"

ఆలోచించింది. "నీ మిషను మోగింది. నువ్వు ఆపావు. కానీ నాకు మోగుతూనే ఉంది వదినా. చెవుల్లో గుయ్యిమని, ఎక్కువైపోతూనే ఉంది. ఆపినా ఎందుకు మోగుతోందబ్బా అని అడుగుదామనుకున్నా. నువ్వేమో నోరు మూసుకోమన్నావు. పైగా గాలి సరే అన్నావు. వదిన సరే అందంటే సరేలే, నాకేం తెలుస్తుంది అని ఊరుకున్నా."

ఆ మందు గుండెకి చేరేముందు నోట్లో ఇనుము రుచి తగులుతుంది, చెవుల్లో మోగుతుంది. అది మా అందరికీ తెలుసు. ఆ ఒక్క కూతని నేను ఏ బటన్‌తోనూ కాదు, నోటితో ఆపాను.

"సరే కాదే. నేను లేచి చూడలేదు. చూడకుండానే అన్నాను. నీ ప్రాణం పోయేది" అన్నాను. ఇరవై రెండేళ్ళలో ఆ ఆసుపత్రిలో నేను ఏడవడం అదే మొదలు.

ఆవిడ నన్నే చూస్తూ ఉండిపోయింది. కోప్పడుతుందేమోనని చూశాను, కోప్పడలేదు. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వనూ లేదు. అలా ఎంతసేపో ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు భయమేసి పెదాల వైపు చూశాను. మంచం మీంచి ఆవిడ మంచి చెయ్యి తీసుకుని నాడి పట్టుకున్నాను.

"మాట్లాడవే" అన్నాను.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. ఆపకుండా మాట్లాడు."